పిట్టల తిప్పకు తడికలు కట్టిన వేసవి

నేను బండల సీమలో పుట్టినదాన్ని. బేతంచెర్ల పక్కన మా నాయన నాపరాళ్ళు తీసే పనిచేసేవాడు. అక్కడ గడ్డపార ఎక్కడ దించినా ఖంగుమంటుంది. అట్లాంటిదాన్ని తెచ్చి తుంగభద్ర ఇసుకలో పడేశారు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇసుకంటే నాకు ఒళ్ళు మంట. కూట్లో ఇసుక, చాప మీద ఇసుక, తల దువ్వుకుంటే ఇసుక. "ఇదేం ఊరయ్యా, మీ ఊళ్ళో ఇసుక తినే పెరిగినారా అందరూ?" అని మా ఆయన మీద విరుచుకుపడితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు నవ్వడం ఒక్కటే బాగా వచ్చు.

కర్నూలుకు పైన, ఏటి ఒడ్డున ఉంది మా అత్తగారి ఊరు. వాళ్ళకు ఒడ్డు మీద జానెడు భూమి లేదు. మిషను వాళ్ళు కట్టించిన గుడికి వచ్చే ఇళ్ళలో ఎవరికీ లేదనే చెప్పాలి. వానాకాలమంతా రెడ్ల చేలల్లో కూలికి పోయేవాళ్ళం. ఏరు తగ్గి ఇసుక బయటపడితే మాత్రం మేమూ రైతులమే. క్రిస్మస్ పండుగ దాటగానే ఇసుకలో పొడుగ్గా గుంతలు తవ్వి, అడుగున తడి తగిలాక ఎరువు వేసి, దోస గింజలు, పుచ్చ గింజలు పెట్టేవాళ్ళం. మొలక తలెత్తగానే పడమటి పక్కన జమ్ము తడికలు పాతాలి. లేకుంటే వడగాలి దాన్ని మాడ్చేస్తుంది. తడిక పాతేసి ఇంట్లో కూర్చుంటే కుదరదు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆ తడిక చాటునే కుప్పపడి మొలకను కప్పేస్తుంది. అందుకని ప్రతి పొద్దునా ఆడవాళ్ళం గుంత గుంతకూ వంగి ఆ ఇసుక ఎత్తిపోయాలి. నా నడుము ఆ పనికే పోయింది.

అటు ఒడ్డు నిజాము రాజ్యం, ఇటు ఒడ్డు తెల్లవాళ్ళ రాజ్యం. ఏరు మధ్యలో ఒక ఇసుక తిప్ప ఉండేది. దాని ఇవతల మడుగు, పుట్టి పడవ లేకుండా దాటలేం. అవతల కూడా నీళ్ళే. ఆ తిప్ప ఎవరిదని అడిగితే ఇక్కడి కరణమూ చెప్పలేడు, అక్కడి పట్వారీ కూడా చెప్పలేడు. వేసవి మొదట్లో తెల్లటి ఏటి పిట్టలు మందలుగా వచ్చి దాని మీద దిగేవి. నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, పసుప్పచ్చని ముక్కు, రెండుగా చీలిన పొడవాటి తోక. గూడూ లేదు, పుల్లా లేదు. ఇసుకలో పొట్టతో కాస్త గుంత చేసుకుని అందులోనే గుడ్లు పెట్టేవి. ఎండ ముదిరినప్పుడు నీళ్ళ మీదికి పోయి పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చునేవి. మా దోస గుంతల దగ్గర నిలబడితే అదంతా కంటికి ఆనుతూనే ఉండేది.

నాకు మొదట్లో అవి ఉత్త పిట్టలే. వాటి గోల భరించలేక చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి. మా అత్త మాత్రం పొద్దున లేచి మొహం కడుక్కోక ముందే ఒడ్డుకు పోయి తిప్ప వైపు చూసి వచ్చేది. పిట్టలు దిగిన రోజు ఆమె మొహం చూడాలి! పుట్టింటి వాళ్ళు బండి కట్టుకుని వచ్చినా అంత సంబరపడేది కాదేమో.

"నేను ఈ ఊరికి వచ్చినప్పుడు తిప్ప తిప్పకూ పిట్టలుండె పాపా," అని నాతో చెప్పేది. "ఈ మనముండే గుంతల కాడ కూడా అవే ఉండె. మీ మామ తాత వాటిని తోలి పుచ్చకాయలు పెట్టె. ఆయప్పను సూసి ఇంగొకరు, ఇంగొకరిని సూసి మరొకరు. అన్నీ మనమే లాక్కుంటిమి. ఇంగ ఆ ఒక్కటి మిగిలె."

"అయితే మనం తినేది మానుకోవాల్నా అత్తా?" అని నేను ఎదురడిగేదాన్ని. నా నోరు అట్లాంటిది.

"మానుకోమంటినా? ఉండేదాంట్లో వాటికింత ఉండనీమంటి." అంతే, మళ్ళీ పనిలో పడిపోయేది.

యుద్ధం నడుస్తున్న కాలంలో వరసగా వానలు ఎగ్గొట్టాయి. రెడ్ల చేలల్లో కూలి లేదు. బియ్యం సంగతి దేవుడెరుగు, కొర్రలు కూడా కంటికి కనపడలేదు. ఊళ్ళో మగవాళ్ళు గంపలు తీసుకుని పుట్టి ఎక్కి తిప్ప మీదికి పోయి గుడ్లు ఏరుకు రావడం మొదలుపెట్టారు. అటు ఒడ్డు వాళ్ళూ ఊరుకున్నారా? వాళ్ళూ వచ్చారు. ఒక ఏడు ఒక్క పిల్లా ఎగరలేదు. మరుసటి ఏడూ అంతే. పిట్టలు మటుకు పిచ్చివాటి మాదిరి మళ్ళీ పెట్టేవి, వీళ్ళు మళ్ళీ ఏరేవాళ్ళు. మంద కూడా ఏటికేడు పలచబడింది. మా అత్త ఆ రెండేళ్ళూ సరిగా తిండి తినలేదు. ఆకలి కరువులో తిండి తినకపోవడాన్ని ఎవరు పట్టించుకుంటారు? నేను పట్టించుకున్నాను, ఎందుకంటే ఆమె వాటా నాకే పెట్టేది.

మూడో ఏడు పిట్టలు దిగిన తర్వాతి ఆదివారం, గుడిలో ప్రసంగం అయిపోయి అయ్యగారు ఆశీర్వాదం చెప్పబోతుంటే మా అత్త లేచి నిలబడింది. మా గుడిలో ఆడవాళ్ళు పాట పాడటానికి తప్ప నోరు తెరిచేవాళ్ళు కాదు. నాకు చెమటలు పట్టాయి. మామ అయితే చాప మీదున్న పుల్లలు ఏరుతూ తల ఎత్తలేదు.

"అయ్యగారూ, నేనొక మాట సెప్పాల," అంది అత్త. "ఈ ఏటి ఇసుక మనకెవురిచ్చిరి? పట్టా ఉండాదా ఎవురికన్నా? లేదు. ఏరు తగ్గితే మనకింత బువ్వ, ఏరొస్తే ఒడ్డెక్కి కూలికి పోతాం. ఆ పిట్టలదీ అదే బతుకు. పోయినేడు ఒక్క పిల్ల ఎగరలే. అంతకు ముందేడూ ఎగరలే. ఈ ఏడు కూడా ఎగరకపోతే అవి ఇంగ ఈ ఏటికి రావు. నాకు తెలుస్తాండాది. ఈ వేసంగి మట్టుకు ఎవురూ ఆ తిప్ప తొక్కొద్దు. దేవుని ముందర మాట ఇయ్యండి."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆకలికి గుడ్డు తింటే పాపమా పెద్దమ్మా?"

"పాపమని అంటినా? నాకూ ఆకలుండాది. నా కోడలికీ ఉండాది, సూడు ఎట్ల ఎండిపోయిందో. అయినా ఈ వేసంగి మట్టుకు వద్దంటాండా."

అందరూ నా వైపు తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయ్యగారు మంచివాడు, కాస్త భయస్థుడు. ఆయన గొంతు సవరించుకుని, "పిచ్చుకలను కూడా దేవుడు మరచిపోడు కదా," అని మొదలుపెట్టి, చివరకు అందరి చేతా మాట ఇప్పించాడు. పిల్లలు ఎగిరే దాకా, ఆడ గాని మగ గాని, తిప్ప మీద కాలు పెట్టరాదు. కొంతమంది గొణుక్కున్నారు. అయినా దేవుని ముందర అన్నాక మావాళ్ళు మాట తప్పరు. ఆ ఒక్క విషయంలో మావాళ్ళను మెచ్చుకోవాలి.

గుడి నుంచి అత్త తిన్నగా రేవుకు పోయింది. ఊళ్ళో పుట్టి నడిపేది ఒక సాయిబు. ఏరు దాటాలంటే అతనే గతి. "ఏమప్పా, నీ పుట్టి ఎక్కే గదా అందరూ తిప్పకు పోతాండేది," అని అత్త నిలదీసింది.

"అక్కా, నువ్వు వద్దన్నాక పుట్టి అటు దిక్కు తిరిగితే నన్నడుగు. ఖుదా కసమ్," అన్నాడు అతను. అన్నట్టుగానే ఉన్నాడు. అటు ఒడ్డు వాళ్ళతో కూడా తన కులం వాళ్ళ ద్వారా మాట్లాడి, వాళ్ళ పుట్లను ఆపించాడు.

ఇక అప్పటి నుంచి మా అత్త కాపలా చూడాలి! దోస గుంతల్లో పనిచేస్తూనే ఒక కన్ను ఏటి మీద వేసి ఉంచేది. ఒకసారి పక్క ఊరి వాళ్ళు మడుగు ఈదడానికి సొరబుర్రలు, గంపలు పట్టుకుని ఇసుకలో నడిచొస్తుంటే ఎదురుపోయింది.

"యాడికి పోతాండారప్పా?"

"ఏం లేదమ్మా, ఊరికే గాలికి."

"గాలికి గంపలెందుకు? గాలి నింపుకోని ఇంటికి మోస్తారా?"

వాళ్ళు నవ్వేశారు. నవ్విన వాళ్ళను ఇక వదిలిందా! కూర్చోబెట్టి దోసకాయలు కోసి పెట్టి, కడుపు నిండా తినిపించి వెనక్కి పంపింది. మాకే తినడానికి లేదు, ఉన్న కాసిన్ని కాయలను తెలియని వాళ్ళకు పెడుతుంటే నా కడుపు రగిలిపోయింది. ఆ మాట ఆమె మొహం మీదే అనేశాను కూడా. "పోనీలే పాపా, గుడ్లు నిలబడె గదా," అంది.

గుడ్లు నిలబడ్డాయి. తిప్ప అంతా తెల్లగా పిట్టలు. గుడ్ల మీద కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. ఊరిలో వాళ్ళకు కూడా మెల్లగా పౌరుషం వచ్చింది. "మా పిట్టలు" అనడం మొదలుపెట్టారు. గొణిగినవాళ్ళే రేవులో నిలబడి, ఇంకెన్నాళ్ళకు పిల్లలవుతాయో అని వాదించుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే నేను కూడా ఒడ్డుకు పోవడం నేర్చుకున్నాను. పిట్ట నీళ్ళు తాకి, పొట్ట తడుపుకుని వచ్చి, పక్క పిట్టను కసిరి, తన గుడ్ల మీద జాగ్రత్తగా సర్దుకుని కూర్చోవడం చూస్తే, పిల్లలు లేని నాకు ఏదో అయ్యేది. అప్పటికి నాకింకా కడుపు పండలేదు. అత్త దాని గురించి ఒక్కసారి కూడా నన్ను ఎత్తిపొడవలేదు.

ఈస్టరు పండుగ దాటాక ఎండలు మండిపోయాయి. అట్లాంటి ఎండ నేను బండల సీమలో కూడా చూడలేదు. పడమటి వడగాలి మొదలైంది. పిట్టలు నోళ్ళు తెరుచుకుని, రెక్కలు వేలాడేసి కూర్చున్నాయి. నీళ్ళకు పోయి వచ్చే లోపలే వాటి పొట్టలు ఆరిపోయేవేమో, మళ్ళీ మళ్ళీ పరుగులు. ఒకరోజు సాయంకాలం ఒడ్డున కూర్చుని మా అత్త భోరున ఏడ్చింది. "నీడ లేదే వాటికి, ఒక్క గడ్డి పోచ నీడ లేదే. దొంగల నుంచి కాపాడితిమి, ఎండ నుంచి ఎట్ల కాపాడేది?" అని గుండెలు బాదుకుంది.

మా మామ పక్కనే ఉన్నాడు. ఆయన సంగతి చెప్పాలి. పొద్దుగూకే దాకా పనిచేసి, పెట్టింది తిని, పడుకునే మనిషి. పెళ్ళాంతో సరసంగా ఒక మాట మాట్లాడటం నేను చూడలేదు. పిట్టల గోల మొదలైనప్పటి నుంచి, "మీ అత్తకు పనిలేదు," అని నా దగ్గర సణిగేవాడు. ఆ సాయంకాలం మాత్రం ఆమె ఏడుపు చూసి లేచి ఎటో పోయాడు.

మరునాడు పొద్దున చూస్తే మా ఇంటి ముందర జమ్ము కట్టలు పడి ఉన్నాయి. మామ, మా ఆయన, ఇంకా గుడి మగవాళ్ళు కూర్చుని తడికలు అల్లుతున్నారు. మొలకలకు పాతే తడికలే, ఇంకాస్త పొట్టివి. మామ తానే అయ్యగారి దగ్గరికి పోయి, "మాట తప్పేది కాదయ్యా, ఒక్కసారి పోయి వాటికి నీడ పాతి వస్తాం, మళ్ళీ కాలు పెట్టం," అని ఒప్పించాడట. అంత పొడుగు మాట ఆయన నోట ఎట్లా వచ్చిందో! అయ్యగారు కూడా పంచె ఎగ్గట్టి ఒక తడిక భుజాన వేసుకుని వచ్చాడు. చల్లపొద్దునే పుట్టిలో పోయారు. పిట్టలు లేచి అరిచి గోల చేసినా, వీళ్ళు చకచకా ఒక్కొక్క గుంతకు పడమటి పక్కన తడిక పాతి, ఒక్క గుడ్డు తొక్కకుండా తిరిగి వచ్చేశారు. కాసేపటికి పిట్టలు మళ్ళీ దిగి కూర్చున్నాయి. ఆ మధ్యాహ్నం తడికల నీడ గుడ్ల మీద పడుతుంటే ఒడ్డు మీద ఊరంతా నిలబడి చూసింది. ఎవరో స్తోత్రగీతం ఎత్తుకున్నారు. అందరం పాడాం.

మా అత్త ఆ రోజు మామకు ఉలవచారు కాచి, ఉన్న కొర్రలన్నీ వండి పెట్టింది. ఆయన తింటుంటే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. పొయ్యి దగ్గరికి వచ్చి నాతో మెల్లగా, "ఈ మనిషికి నా మనసు తెలుస్తుందని అనుకోలేదు పాపా," అంది. ముసలామె మొహం కొత్తపెళ్ళికూతురి మాదిరి ఎర్రబడింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తర్వాత గాలి పెరిగింది. వడగాలి కాదు, ఈదర. పగలూ రాత్రీ ఒకటే ఊపు. ఏటి ఇసుకంతా పొగలాగా లేచి ఊరి మీద పడింది. మా దోస తీగలను కాపాడుకోవడానికి మేమందరం గుంతల్లోనే ఉన్నాం. తడిక చాటున మోకాటి ఎత్తు ఇసుక చేరడం, ఎత్తిపోయడం, మళ్ళీ చేరడం. కళ్ళు తెరవడానికి లేదు. తిప్ప కనపడటమే లేదు. కనపడినా ఎవరూ పోయేవాళ్ళం కాదు, మాట ఇచ్చాం కదా. "పాపం, తడికలు ఉండబట్టి సరిపోయింది వాటికి," అని ఇసుక ఎత్తిపోస్తూనే ఒకరితో ఒకరం అనుకున్నాం. చేతుల్లో ఉన్న పని బుర్రకు ఎక్కలేదు ఒక్కరికీ.

గాలి నిలిచిన పొద్దున పిట్టల అరుపు మారింది. తిప్ప మీద ఒక్కటీ కూర్చోలేదు. అన్నీ పైన గిర్రున తిరుగుతూ, కిందికి దిగబోయి మళ్ళీ లేచి, ఆగకుండా అరుస్తున్నాయి. "నక్క ఎక్కినట్టుండాది," అని అత్త సాయిబును పిలిచి పుట్టి ఎక్కింది. నేనూ, మామా వెంట పోయాం. మాట గీట ఎవరికీ గుర్తు లేదు అప్పుడు.

నక్కా లేదు, గిక్కా లేదు. తిప్ప మీద ఒక్క గుడ్డు కనపడలేదు. ప్రతి తడిక చాటునా నున్నగా ఒక ఇసుక కుప్ప ఉంది, అంతే. మా గుంతల్లో రోజూ మేము ఎత్తిపోసిన కుప్పలు ఎట్లా ఉన్నాయో అచ్చం అట్లాగే.

అత్త మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టింది. నేను ఇంకో పక్క తోడాను. గుడ్లు దొరికాయి, ఒక్కటీ పగల్లేదు, వెచ్చగా ఉన్నాయి. కొన్నింటికి ముక్కుతో లోపల నుంచి పొడిచిన చిల్లి పడి ఉంది. ఆ చిల్లిలోకి ఇసుక దిగింది. ఒకదాంట్లో పిల్ల ముక్కు బయటికి వచ్చి అట్లాగే ఉండిపోయింది. నేను ఆ గుడ్డును చేతిలో పట్టుకుని పిచ్చిదాన్ని మాదిరి ఊదాను, ఇసుక పోతుందేమోనని. పై నుంచి పిట్టలు వచ్చి మా తలల మీద పొడుస్తున్నాయి. అత్త నెత్తి మీద నుంచి నెత్తురు కారి చెవి దాకా వచ్చింది. తుడుచుకోలేదు. తోడుతూనే ఉంది. కుప్ప తర్వాత కుప్ప, అన్నీ తోడింది. బతికింది ఒక్కటీ లేదు.

మామ తిప్ప మీదికి ఎక్కలేదు. మోకాలి లోతు నీళ్ళలో పుట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. అత్త తడికలన్నీ పీకి ఒకచోట వేసి, వచ్చి పుట్టిలో కూర్చుంది. ఆయన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సాయిబు తెడ్డు వేస్తూ తలపాగా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

చాలా రోజులు మామ సరిగా అన్నం ముట్టలేదు. "నేను సంపితినే," అని ఒకనాడు గోడ వైపు తిరిగి అన్నాడు.

"నువ్వు కాదులే," అంది అత్త. "నేను ఏడిస్తి గదా. నా ఏడుపు సంపె." ఆ మాట చెప్పి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అంతకు మించి ఆ ఇంట్లో దాని మాట ఎత్తలేదు. నాకైతే కోపం తగ్గలేదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది. గుడ్లు ఏరిన వాళ్ళ మీద కోపం చూపించవచ్చు, నీడ పాతిన వాళ్ళను ఏమనాలి?

మరుసటి ఏడు కూడా గుడిలో అందరూ మాట ఇచ్చారు. సాయిబు పుట్టి తిప్ప వైపు తిప్పలేదు. అన్నీ సరిగానే ఉన్నాయి. పిట్టలే రాలేదు. అత్త రోజూ ఒడ్డుకు పోయి చూసి వచ్చేది. వానకు ముందు ఏరు ఎంత ఖాళీగా ఉంటుందో నాకు ఆ ఏడు తెలిసింది.

కొన్నాళ్ళకు సాయిబు ఒక కబురు మోసుకొచ్చాడు. పిట్టలు ఒక చిన్న మంద, ఎగువన అటు ఒడ్డుకు ఆనుకుని ఉన్న ఇసుక మేట మీద దిగాయట. నిజాము రాజ్యం. అక్కడ మా మాటకు విలువ లేదు, మా గుడి లేదు, మమ్మల్ని ఎరిగిన వాళ్ళు లేరు. పైగా అది ఒడ్డుకు ఆనుకున్న ఇసుక, కుక్కలు కూడా నడిచి పోగలవు. అత్త ఆ మాట విని ఊరికే ఉండలేకపోయింది. "పోయి కాళ్ళావేళ్ళా పడదాం పా," అని నన్ను లాక్కుని బయల్దేరింది. చూస్తే మామ కూడా భుజాన తువ్వాలు వేసుకుని మా వెనకాల వస్తున్నాడు. ఎవరూ పిలవలేదు.

ఆ ఊరి పటేలు నడివయసు మనిషి. వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఏటి అవతల నుంచి ముసలి వాళ్ళు వచ్చారని మంచం దిగి, మజ్జిగ తెప్పించాడు. అత్త నిలబడే చెప్పింది. పిట్టల గుడ్లు ఎవరూ ఏరకుండా చూడమని, పిల్లలు ఎగిరే దాకా ఆ మేట తొక్కనీయొద్దని. రెండేళ్ళు గుడ్లు పోయిన సంగతి చెప్పింది. పోయినేడు సంగతి మాత్రం ఆమె నోట రాలేదు.

పటేలు శ్రద్ధగా విన్నాడు. అట్లాంటి పెద్దమనుషులు మాలాంటి వాళ్ళ మాట అంతసేపు వినడం నేను చూడటం అదే మొదలు.

"ఇంత దూరం వచ్చి అడుగుతున్నవు తల్లీ, కాదంటనా?" అన్నాడు. "ఎవ్వడూ గుడ్డు ముట్టడు, నా జిమ్మా. మా మనుషులకు చెప్త. కుక్కలు రాకుండ చుట్టూ కంప కొట్టిస్త. ఎండలు కూడ మస్తుగున్నయి, పాపం, నీడకు నాలుగు తడికలు..."

మామ మా వెనక నుంచి ముందుకు తోసుకుని వచ్చి పటేలు కాళ్ళ మీద పడిపోయాడు. "వద్దు దొరా! నీ కాళ్ళు మొక్కుతా, వద్దు! తడికలొద్దు, కంపొద్దు, ఏం సేయొద్దు దొరా!" ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. పటేలు బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. అత్త వంగి మామ భుజం పట్టుకుంది.

"ఏమీ చేయకుంటే అవి ఎట్ల బతుకుతయి?" అని అడిగాడు పటేలు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

"తెల్దప్పా," అంది అత్త. "మాకూ తెల్దు. గుడ్డు ముట్టకుండా ఉంటే సాలు. ఇంగ నీడ గీడ ఏమొద్దు. అట్లనే ఇడిసిపెట్టండి."

పటేలు తల ఊపాడు. ఏమర్థమైందో ఏమో. మామను లేపి, మజ్జిగ తాగించి, రేవు దాకా మనిషిని తోడిచ్చి పంపాడు.

పుట్టి నడి ఏటికి వచ్చింది. ఎగువన ఆ మేట మీద పిట్టలు లేస్తూ, దిగుతూ కనపడుతున్నాయి. మామ అటు చూడలేదు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"ఆయప్ప మన మాట వింటాడంటావా పాపా?"

"వింటాడులే అత్తా," అన్నాను. "మంచి మనిషి మాదిరే ఉన్నాడు."

"అదే నాకు బయ్యం," అంది అత్త.